నోరా మైకు చెడిపోలేదు

శుక్రవారం వస్తే మా బిడ్డ ఇంటికి ఇద్దరో ముగ్గురో పిల్లలు వస్తారు. నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్లు. దమ్మామ్‌లో, జుబైల్‌లో సౌండు కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లు. ఈ మధ్య సౌదీలో పాటల కచేరీలు పెరిగాయి కాబట్టి ఈ పనికి గిరాకీ కూడా పెరిగింది. ఏ మిక్సర్ నేర్చుకుంటే మంచిది, ఏ కంపెనీవాడు ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, టైముకు రెన్యూ చేస్తాడు అని అడుగుతారు. చాయ్ తాగుతూ తెలిసింది చెప్తాను. కానీ వాళ్లు అడగని సంగతి ఒకటుంది. మైకు ఎప్పుడు ఆపాలి, ఎవరు చెప్తే ఆపాలి అని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. నన్ను కాల్చేస్తున్నది అదే కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

నా పేరు గంగాధర్. మాది ఆర్మూర్ దగ్గర. చదివింది ఐటీఐ ఎలక్ట్రీషియన్. కంపెనీ కార్డు మీద మాత్రం సౌండ్ ఇంజనీర్ అని ఉండేది. దమ్మామ్‌లో ఒకే కంపెనీలో దాదాపు ముప్పై ఏళ్లు చేసి, ఫైనల్ ఎగ్జిట్, అంటే పని ముగించి దేశం వదిలే ముద్ర, కొట్టించుకుని ఊరికి వెళ్లిపోయాను. ఇప్పుడు విజిట్ వీసా మీద మళ్లీ ఇక్కడికే వచ్చాను. మా బిడ్డ సుజాత ఇక్కడ హాస్పిటల్లో నర్సు. ఇంట్లో ఆమె సంపాదిస్తుంది, నేను కూరగాయలు తరుగుతాను.

ముందు పని సంగతి

కచేరీలో గొంతు రెండు దారుల్లో పోతుంది. ఒక దారి పెద్ద స్పీకర్లలోంచి జనానికి. రెండోది పాడేవాళ్ల చెవిలో పెట్టుకునే చిన్న బిళ్లల్లోకి. ఆ బిళ్లలు చెవిని గట్టిగా మూసేస్తాయి. ఇక బయట ఏం మోగుతోందో పాడే మనిషికి తెలియదు. తన గొంతు, పక్కన గిటారు, ముందున్న జనం చప్పట్లు అన్నీ మేము వైరులో పంపితేనే వినబడతాయి. అంటే గాయని చెవులు మా చేతిలో ఉంటాయి. ఎంత పెద్ద పేరున్న మనిషైనా సరే, మేము వినిపించిందే వింటుంది, దాన్నే నిజమనుకుంటుంది.

ఇంత నమ్మకం పెట్టుకునే పని ఇంకోటి నేను చూడలేదు. ఆ నమ్మకాన్ని ఇంత చవకగా అమ్ముకునే మనుషుల్నీ వేరే చోట చూడలేదు. ఎవడి పిరికితనం బయటపడ్డా, ఎవడి స్వార్థం బయటపడ్డా, దాని మీద కప్పే దుప్పటి మాత్రం మా దగ్గర్నుంచే తీసుకుపోతారు. ఆ దుప్పటి పేరు 'టెక్నికల్ ఫాల్ట్'.

క్లబ్ హాలు

నోరా ఇంగ్లండు గాయని. తన పాటలు తనే రాసుకుంటుంది, తనే బాణీ కట్టుకుంటుంది. అసలు పేరు వేరు. మంచి జరిగినా చెడు జరిగినా ఆమె పేరు వాడుకుని బతికినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఇంకొకణ్ణి కాలేను కాబట్టి నోరా అనే రాస్తాను.

ఆమెను మొదటిసారి చూసినప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. అప్పట్లో సౌదీలో బహిరంగ కచేరీలు లేవు. దమ్మామ్ పక్కన విదేశీ ఆయిలు ఇంజనీర్లు ఉండే కాంపౌండు ఒకటుంది. చుట్టూ గోడ, గేటు, లోపల క్లబ్ హాలు. ఆమె మేనమామ అక్కడ ఇంజనీరు. మేనకోడలు చూడటానికి వస్తే క్లబ్‌లో ఒక సాయంత్రం పాడమన్నారు. నేను రెండు స్పీకర్లు, చిన్న మిక్సరు పట్టుకుని వెళ్లాను. చెవి బిళ్లల వైభోగం లేని రోజులవి.

మొదటి పాటలోనే తప్పు చేశాను. ఆమె గొంతు సన్నగా ఉందని మైకు పెంచాను. హాలంతా చెవులు పగిలేటట్టు కీమని కూత. ముందు వరుసలో ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. నోరా పాట ఆపి, నా వైపు చూసి, మైకులోనే అంది: "ఆయన తప్పు కాదు. నేను మైకుకు దూరంగా నిలబడ్డాను."

అది అబద్ధం. తప్పు నాదే. పైవాళ్ల తప్పు మా నెత్తిన వేసేవాళ్లను ఎందరినో చూశాను. మా తప్పు తన నెత్తిన వేసుకున్న మనిషిని చూడటం అదే మొదటిసారి.

విరామంలో క్లబ్ సెక్రటరీ వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. కాంపౌండులో ఇళ్ల పనులు చేసే ఆడవాళ్ల మీద ఆమె ఆ వారంలోనే ఒక పాట కట్టింది. ఆ ఇళ్లలో వంట చేసేవాళ్లు, పిల్లల్ని పెంచేవాళ్లు మా గోదావరి, కడప ఆడవాళ్లే. ఆ పాట వద్దన్నాడట. ఆమె మళ్లీ మైకు దగ్గరికి వచ్చి, "ఈ తర్వాతి పాట పాడొద్దన్నారు. అందుకని రెండుసార్లు పాడతాను" అంది. నిజంగానే రెండుసార్లు పాడింది. రెండోసారి పాడేటప్పటికి సగం కుర్చీలు ఖాళీ.

అందరూ వెళ్లాక వైర్లు చుట్టడానికి సాయం పట్టింది. మోచేతికి వేసి గట్టిగా చుడుతోంది. "అట్లా చుడితే లోపలి తీగ తెగుతుంది మేడమ్" అని ఒక చుట్టు పైకి, ఒక చుట్టు కిందికి వేయడం చూపించాను. నాలుగు వైర్లు పాడుచేసి ఐదోది సరిగ్గా చుట్టింది.

"నీ పేరేంటి?" అంది.

"గంగాధర్."

"గంగా అంటే పర్వాలేదా?"

"పర్వాలేదు మేడమ్. మా ఇంటి దగ్గర అంతకంటే పొట్టిగా పిలుస్తారు."

'నోరా కోపం – రెండు నిమిషాలు'

ఆ తర్వాత ఆమె పేరు పెద్దదైంది. సుజాత అప్పుడు నిజామాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది. "బాపూ, నువ్వు చెప్పిన నోరా గీమెనేనా?" అని ఫోన్లో వీడియోలు పంపేది. లండన్‌లో ఒక బహుమతి తీసుకుంటూ స్టేజీ మీదనే నోరా, "నేను ఎంత సన్నగా ఉండాలో, ఏ బట్టలు కట్టుకోవాలో నా పాటల కంపెనీ పెద్దలు కమిటీ వేసి తేల్చారు, ఈ బహుమతి ఆ కమిటీకి ఇవ్వండి" అంది. కంపెనీ ఆమెను వదిలేసింది. రెండేళ్లు ఒక్క పాట రాలేదు. పేపర్లవాళ్లు ఆమెకు పొగరన్నారు, పని అయిపోయిందన్నారు. తర్వాత ఇంట్లోనే పాటలు చేసి సొంతంగా విడుదల చేసుకుంది. అవి మొదటివాటికంటే బాగా ఆడాయి.

సరిగ్గా అప్పుడు వచ్చాడు సైమన్, కొత్త మేనేజరు. తియ్యగా మాట్లాడతాడు, అందరి పేర్లూ గుర్తుపెట్టుకుంటాడు. బహ్రెయిన్‌లో ఆమె కచేరీకి మా కంపెనీయే సౌండు పెట్టింది. నన్ను చూసి నోరా గుర్తుపట్టింది. "కీమనిపించిన గంగా!" అని నవ్వి, ఇకమీద ఈ వైపు ఎక్కడ పాడినా జనం సౌండు ఇతనే చూస్తాడని సైమన్‌కు చెప్పింది. నాకెంత గర్వంగా ఉండిందో దాచుకోను.

ఆ రోజు సైమన్ నా చేతికి పాటల వరుస కాగితం ఇచ్చాడు. ఐదో పాటకూ ఆరో పాటకూ మధ్య ఇట్లా టైపు చేసి ఉంది: 'నోరా కోపం – రెండు నిమిషాలు. ఎర్ర లైటు.'

నాకు అర్థం కాక అడిగాను. "జనం దానికోసమే టికెట్లు కొంటారు గంగా" అన్నాడు.

ఆమెకు ఆ కాగితం సంగతి తెలియదు. ఆమె కాగితంలో ఆ లైను లేదు. ఏదో ఒక దాని మీద ఆమెకు నిజంగానే మండుతుంది, నిజంగానే మాట్లాడుతుంది. దానికి వీళ్లు ముందే లైటు బిగించి పెడతారు. ఒక మనిషి నిజాయితీని పాటల మధ్య పెట్టి అమ్ముకోవడం నా కళ్లతో చూశాను. నోరు మెదపలేదు. నాకెందుకులే అనుకున్నాను. ఈ కథలో నా మొదటి పెద్ద తప్పు అదే. రెండోదానికి దారి అక్కడే పడింది.

రాజలింగం

నేను రిటైరయ్యే ఏడాది రియాద్ శివార్లలో పెద్ద మైదానంలో ఆమె కచేరీ. దమ్మామ్ నుంచి పన్నెండు ట్రైలర్లలో సామాను పోయింది. లైట్లు వేలాడదీసే ఇనుప దూలాలు ఎక్కి బిగించే పని మా రాజలింగానిది. కోరుట్ల దగ్గరి మనిషి, నలభై ఐదు దాటినవాడు. అంతకుముందు ఖమీస్ ముషైత్‌లో బిల్డింగులకు గోవా, అంటే కర్రల పరంజా, కట్టాడు. ఎత్తు అంటే భయం లేదు, కానీ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసేవాడు. నడుముకు తాడు బిగించనిదే కాలు పైన పెట్టడు.

కచేరీకి ముందు రోజు మధ్యాహ్నం సౌండ్ చెక్ నడుస్తోంది. నోరా స్టేజీ మీద ఉంది. వెనక తెర మీద ఆమె బొమ్మకు లైట్ల వరుస అడ్డం వస్తోందని, వెంటనే జరపమని సైమన్ గొడవ. ఇంకో గంట ఆగితే క్రేను వస్తుంది. ఆగడట. మా ప్రాజెక్టు మేనేజరు ప్రసాద్ గారు విజయవాడ వైపు ఆయన, మనిషి మెత్తన. పై నుంచి ఎవరు గద్దించినా ఆ గద్దింపును అట్లాగే కిందికి పంపించేవాడు.

"ఎక్కవయ్యా రాజలింగం, రెండు బోల్టులే కదా!"

"తాడు దూలానికి అందుతలేదు సార్. క్రేను రానియ్యుండ్రి."

"రెండు నిమిషాల పనికి క్రేనేంటండీ బాబూ! అవతల వాళ్లు అరుస్తున్నారు."

ఎక్కాడు. మొదటి బోల్టు తీశాడు. రెండోది తీస్తుంటే దూలం ఒక పక్కకు ఒరిగింది. స్టేజీ మీద, నోరా నిలబడ్డ చోటికి రెండడుగుల దూరంలో నడుం మీద పడ్డాడు. ఆ చప్పుడు ఆమె మైకులోంచి మైదానమంతా వినబడింది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. పేరు అడిగింది. ఆ నొప్పిలోనే ఆయన చెప్పాడు. అంబులెన్సు తీసుకుపోయింది. ఇరవై నిమిషాలకు సైమన్ చప్పట్లు కొట్టి, "పదండి, పని చూడండి" అన్నాడు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు కొరుకుతాను.

ఏ హాస్పిటలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. సైమన్‌ను అడిగింది, ప్రసాద్‌ను అడిగింది. బాగున్నాడు, చిన్న దెబ్బ అన్నారు. నడుం ఎముక విరిగిందని మాకందరికీ తెలుసు.

మర్నాడు సాయంత్రం షోకు ముందు నా దగ్గరికి వచ్చింది. "ఆయన పేరు మళ్లీ చెప్పు గంగా. మెల్లగా."

"రా-జ-లిం-గం."

నాలుగుసార్లు పలికి చూసుకుంది. అరచేతిలో పెన్నుతో రాసుకుంది. "ఈ రాత్రి స్టేజీ మీద చెప్తాను. నా షో కోసం పడ్డాడు" అంది.

చెప్తే మా గతేమిటని అడగలేదు. ధైర్యస్తులు చేసే తప్పు ఇది. వాళ్లు మాట్లాడి విమానం ఎక్కుతారు, కఫీల్ కింద, వీసా ఇచ్చిన యజమాని చేతిలో, మిగిలేది మేము. ఆమె మీద గౌరవం ఉంది కాబట్టే ఇది కూడా రాస్తున్నాను.

నలభై సెకన్లు

షో మొదలయ్యే ముందు సైమన్ నా మిక్సరు పక్కకు వచ్చి నిలబడ్డాడు. పాటల కాగితంలో కోపం లైను ఈసారి కొట్టేసి ఉంది.

"నాలుగో పాట తర్వాత ఆమె మాట్లాడబోతుంది. నోరు తెరిస్తే జనానికి పోయే గొంతు మ్యూట్ చెయ్యి. చెవుల్లోకి పోయేది ముట్టుకోకు."

"అట్ల చేస్తే ఆమెకు తెలియదు కదా సార్?"

"అందుకే చెప్తున్నా."

"ఎవరి ఆర్డరు ఇది?"

"పై నుంచి" అన్నాడు.

పై నుంచి అంటే ఆర్గనైజర్లే అనుకున్నాను. పరాయి దేశం, మనకు తెలియని రూల్సు ఉంటాయి అనుకున్నాను. ప్రసాద్ వైపు చూశాను. ఆయన తల దించుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

నాలుగో పాట అయింది. చప్పట్లు తగ్గాయి. ఆమె మైకు దగ్గరికి వచ్చి అరచేయి చూసుకుంది. నేను మ్యూట్ నొక్కాను.

నా తల మీద హెడ్‌ఫోను ఉంది. అందులో ఆమె చెవిలో వినబడేదే నాకూ వినబడుతోంది. "మీరు చూస్తున్న ఈ స్టేజీని కట్టినవాళ్లలో రాజలింగం అనే మనిషి ఉన్నాడు. నిన్న ఇక్కడే, నేను నిలబడ్డ చోటే పడ్డాడు. ఏ హాస్పిటల్లో ఉన్నాడో నాకు ఎవరూ చెప్పడం లేదు. నా తెర బాగా కనబడాలని ఆయన్ను తాడు లేకుండా ఎక్కించారు. నాకు సిగ్గుగా ఉంది. ఈ తర్వాతి పాట ఆయనది."

నలభై సెకన్లు. మైదానంలో వేలమంది. ఎవరికీ ఒక్క ముక్క వినబడలేదు. ఆమె పెదాలు కదులుతున్నాయి, పెద్ద తెర మీద ముఖం, కళ్లలో నీళ్లు. జనం ఏమైందో తెలియక మాట్లాడకుండా చూస్తున్నారు. గిటారు మొదలైంది. సైమన్ నా భుజం తట్టాడు. మ్యూట్ తీశాను.

అప్పుడు ఆర్గనైజర్ల తరఫు ఆఫీసరు, ఫహద్ అనే సౌదీ ఆయన, పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏష్ సార్, ఏమైంది? మైకు పోయిందా? ఆమె ఏమంటోంది?" అన్నాడు గాబరాగా.

ఆ ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది. ఆర్డరు వాళ్లది కాదు. సైమన్‌ను చూశాను. "మైకు ప్రాబ్లం. ఇప్పుడు బాగైంది" అని ఆయనకు నవ్వుతూ చెప్తున్నాడు. ఇంకో రెండు దేశాల్లో ఆమె షోలు మాట్లాడుకుని ఉన్నాడట. గొడవ మనిషి అని పేరొస్తే అవి పోతాయని భయం. ఆమె కోపాన్ని ఎర్ర లైటు వేసి అమ్ముకున్నవాడే, తన బేరానికి అడ్డం రాగానే ఆమె గొంతు నా చేత నొక్కించాడు. నేను నొక్కాను.

సంతకం

రెండు రోజులకు లండన్‌లో ఒక ఇంటర్వ్యూలో ఆమె అంది: "వేలమంది ముందు ఆయన పేరు చెప్పాను. ఒక్కరు కూడా మాట్లాడకుండా విన్నారు."

ఇక చూడండి. అక్కడికి వచ్చినవాళ్ల ఫోన్లలో తీసిన వీడియోలు బయటికి వచ్చాయి. పెదాలు ఆడుతున్నాయి, గొంతు లేదు. అబద్ధాలకోరు అన్నారు. డబ్బూ కావాలి, పేరూ కావాలి కాబట్టి తనే మైకు ఆపుకుని నటించిందన్నారు. ఆమె నడకను, ఏడుపును వెక్కిరిస్తూ బొమ్మలు చేశారు.

నోరా నాకు ఫోన్ చేసింది. "గంగా, నా మైకు చచ్చిపోయిందా? నిజం చెప్పు."

ఆ పొద్దున్నే ప్రసాద్ గారు నా ముందు రిపోర్టు పెట్టాడు. మైకు ఆర్టిస్టు చేతిలోంచి జారినందువల్ల బ్యాటరీ కనెక్షన్ వదులై నలభై సెకన్లు సిగ్నల్ పోయింది, టెక్నికల్ ఫాల్ట్ అని.

"ఆమె చేతిలోంచి మైకు జారలేదు సార్" అన్నాను.

"గంగాధర్ గారూ, మనకెందుకండీ ఇవన్నీ. మీరు సంతకం పెడితే రాజలింగాన్ని దమ్మామ్ వేర్‌హౌస్‌లో స్టోరు పనిలో పెట్టిస్తాను. కూర్చుని చేసే పని. లేదంటే స్ట్రెచర్ మీద ఎగ్జిట్టే. మీ ఇష్టం."

సంతకం పెట్టాను. రాజలింగం కోసమే పెట్టాననుకున్నాను. నా ఎగ్జిట్‌కు నాలుగు నెలలే ఉన్నాయని, అది చెడకూడదని కూడా పెట్టాను. రెండూ నిజమే.

నోరాకు ఫోన్లో రిపోర్టులో ఉన్నదే చెప్పాను. "నా చేతిలోంచి జారిందా? నాకు గుర్తులేదు" అంది. తర్వాత, "నా గొంతు నా చెవిలో విన్నట్టే ఉంది. భ్రమేమో. నేనే జార్చి ఉంటాను" అంది.

ఆ మాటతో ఫోను పెట్టేసింది. తప్పు తనదేనని నమ్మింది. ఆర్నెల్లలో ఆమె షోలు ఒక్కొక్కటి పోయాయి. సైమన్ ఇంకో గాయని దగ్గర చేరాడు. ఆమె ఇంటర్వ్యూలు ఇవ్వడం మానేసింది. నోరు విప్పి బతికిన మనిషి నోరు మూసుకుంది.

వేర్‌హౌస్

నేను రిటైరై, ఊరికి పోయి, మళ్లీ ఇక్కడికి వచ్చిన తర్వాత సంగతి. ఒకరోజు సుజాత డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటూ ఫోను చూస్తోంది. "బాపూ, గీమెను ఇంకా అబద్ధాలకోరు అంటున్నరు. ఆ దినం మిక్సరు కాడ నువ్వే ఉంటివి గదా? మైకు ఎట్ల పోయింది?"

పోలేదు అన్నాను. మొత్తం చెప్పాను. ముద్ద ప్లేటులోనే పెట్టేసింది.

"పేషెంటుకు ఇంజక్షను ఇయ్యకుండనే ఇచ్చిన్నని చార్టుల రాస్తే మమ్మల్ని ఏమంటరు బాపూ? లైసెన్సు గుంజుకుంటరు. మరి నిన్నేమనాలె?"

"రాజలింగం ఉద్యోగం కోసం..."

"రాజలింగం మామను అడిగినవా? నా కోసం అబద్ధమాడు అని ఆయన అన్నడా?"

అడగలేదు. హాస్పిటల్లో చూడటానికి పోయినప్పుడు, "ఆమె నా పేరు చెప్పిందట గదా గంగన్నా?" అని ఆయనే అడిగాడు. చెప్పింది అన్నాను. అంతకంటే చెప్పలేదు.

మీకు తెలియాల్సిన సంగతి ఒకటి. పెద్ద షోల్లో ప్రతి మైకునూ విడివిడిగా హార్డ్ డిస్క్ మీద రికార్డు చేస్తాం. వైరు మిక్సరులోకి వచ్చే మొదట్లోనే ఆ గొంతు డిస్కులోకి పోతుంది. మ్యూట్ బటను దాన్ని ఆపలేదు. ఆ నలభై సెకన్లు డిస్కు మీద చుక్క పోకుండా ఉన్నాయి. అప్పుడే ఒక కాపీ తీసి బట్టల మధ్య దాచుకున్నాను. ఎందుకు దాచానంటే చెప్పలేను. చెరిపేసే ధైర్యం లేదు, పంపే ధైర్యం లేదు.

మర్నాడు వేర్‌హౌస్‌కు పోయాను. రాజలింగం వైర్ల డబ్బాల మధ్య కుర్చీలో కూర్చుని, వచ్చేవి పోయేవి రాసుకుంటున్నాడు. పక్కన చేతికర్ర. కూలర్ చప్పుడు పెద్దగా ఉంటే ఆపించి, అంతా చెప్పాను. సైమన్, మ్యూట్, సంతకం, ప్రసాద్ పెట్టిన బేరం. నా ముఖం చూడకుండా విన్నాడు.

"నన్ను అడ్డం పెట్టుకొని చేసినవు."

"అవు తమ్మీ."

"ఏదీ, వినిపియ్యి."

ఫోను ఆయన చేతికిచ్చాను. ఇంగ్లీషు ఆయనకు రాదు. విన్నాడు. తన పేరు వచ్చిన చోట తల ఎత్తాడు.

"నా పేరు సక్కగ పలుకలే" అన్నాడు. "ఇంకోసారి పెట్టు."

మూడుసార్లు విన్నాడు. మూడోసారి నేను ఒక్కో మాటకు తెలుగు చెప్పాను. 'నాకు సిగ్గుగా ఉంది' అన్న దగ్గర, "ఆమెకెందుకు సిగ్గు? తాడు లేకుండ ఎక్కు అన్నోళ్లకు లేదు గని" అన్నాడు.

"ఇది ఆమెకు పంపుత. బయటపడితే నీ పని పోవచ్చు."

"పోతే పోనీయ్ గంగన్నా. పంపు. ఆమెది తప్పు లేదని తెలువాలె."

ఫోన్

రికార్డు పంపాను. దాంతోపాటు జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో రాశాను. సుజాత తప్పులు దిద్దింది. ఆ రిపోర్టు మీద సంతకం నాదేనని, అది అబద్ధమని కింద మళ్లీ సంతకం పెట్టాను.

నోరా నాకు జవాబివ్వలేదు. వారం తర్వాత ఆ నలభై సెకన్లు, నా కాగితం రెండూ లోకం ముందు పెట్టింది. న్యాయం జరిగిపోయిందని అనుకోకండి. అబద్ధాలకోరు అని మొదటి పేజీలో రాసినవాళ్లు నిజాన్ని లోపల ఎక్కడో నాలుగు లైన్లు రాశారు. స్టూడియోలో తర్వాత చేసిన రికార్డు అని కొందరన్నారు. సైమన్ మాట్లాడలేదు. వాడి వ్యాపారం వాడిది బాగానే నడుస్తోంది. ఆమె మళ్లీ చిన్న చిన్న హాళ్లలో పాడుతోందని సుజాత చెప్పింది.

ప్రసాద్ గారు ఫోన్ చేసి, ముప్పై ఏళ్లు తిన్న ఇంటికి ఇట్లా చేస్తారా అన్నాడు. కష్టం చేసి తిన్నాం సార్, ఊరికే పెట్టలేదు అన్నాను.

రాజలింగం ఉద్యోగం పోలేదు. పైగా కంపెనీ పెద్దలు వచ్చి, కుర్చీ మార్చి మెత్తటిది వేశారు. పేరు అందరికీ తెలిసిన మనిషిని ఇప్పుడు పంపేస్తే గొడవవుతుందని భయం. నా అబద్ధం కాపాడుతోందని రెండేళ్లు నేను అనుకున్న ఉద్యోగాన్ని, నిజం ఒక్క వారంలో గట్టి చేసింది. నా మీద నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది అప్పుడే.

నెల దాటాక నోరా ఫోన్ చేసింది. గొంతు వెంటనే పోల్చుకున్నాను.

"గంగా, తిట్టడానికి చేయలేదు. తిట్లన్నీ ఈ నెలలో గోడలకు చెప్పేశాను" అంది. "నువ్వు నా చెవులతో అబద్ధం చెప్పావు. క్షమించానని అనలేను. ఒక్కటి అడగాలి."

"అడగండి మేడమ్."

"నేను మాట్లాడుతున్నంతసేపు జనం నిశ్శబ్దంగా ఉన్నారు. నా చెవిలో విన్నాను. ఆ ఒక్కదాన్ని పట్టుకుని రెండేళ్లు బతికాను. నన్ను ఎవరేమన్నా, మైకు పోయినా ముందున్నవాళ్లకైనా ఆయన పేరు వినబడింది, అందుకే ఊరుకున్నారు కదా అనుకునేదాన్ని. మరి ఆ నిశ్శబ్దం ఏంటి?"

అబద్ధం చెప్పడానికి ఎంత వీలుగా ఉండిందో. కొందరికి వినబడి ఉంటుంది మేడమ్ అంటే చాలు.

"మైకు బాగుచేస్తున్నారని ఆగారు మేడమ్" అన్నాను. "పాట కోసం చూస్తున్నారు."

లైను ఉంది, ఊపిరి వినబడుతోంది. ముప్పై ఏళ్లు చెవులతో బతికినవాణ్ణి. ఆ ఊపిరి ఎట్లా ఆగి ఆగి వస్తోందో నాకు తెలుస్తోంది. ఆమె పెట్టేసేదాకా నేను ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు.